ఆఫీసు బ్లైండ్స్: సరుకు ఒకరి దగ్గర, బిగింపు ఇంకొకరి దగ్గర. కుదురుతుందా? (ఆన్‌లైన్ చర్చ; ప్రతి మాట పైనా రాసినవారి మారుపేరు)

ఐదో అంతస్తు

గచ్చిబౌలిలో ఒక అంతస్తు ఫిట్‌అవుట్ (ఆఫీసు లోపలి పని) నడుస్తోంది. పడమర వైపు మొత్తం గాజే, 42 బేలు (నిలువు ఫ్రేముల మధ్య ఒక్కో గాజు అర). మల్లియన్ (ఆ నిలువు ఫ్రేము) నడిమి నుంచి పక్క మల్లియన్ నడిమికి 1500 మి.మీ., ఎత్తు 2900. ఐదు శాతం ఓపెన్‌నెస్ (గుడ్డలో రంధ్రాల వంతు) స్క్రీన్ ఫ్యాబ్రిక్, చెయిన్ రోలర్లు (చెయిన్ లాగితే గుడ్డ ట్యూబుకి చుట్టుకునే బ్లైండ్స్) అనుకున్నాం. రెండు మీటింగ్ రూముల్లో 2.8 మీటర్ల వెడల్పున మోటరు బ్లాకౌట్లు (వెలుగు పూర్తిగా ఆపే బ్లైండ్స్) రెండేసి. కేబిన్లకి ఫ్రాస్టెడ్ ఫిల్మ్. సీలింగ్ ఫోటో కూడా పెట్టాను.

సప్లయరు బిగింపుతో కలిపి కొటేషన్ ఇచ్చాడు. ఫాల్స్ సీలింగ్ కాంట్రాక్టరేమో "సరుకు తెప్పించుకోండి, మా కార్పెంటర్లు రెండు రోజుల్లో బిగించేస్తారు" అంటున్నాడు, బిగింపు రేటులో సగానికే. మేనేజ్‌మెంట్ అటే మొగ్గుతోంది. బిగింపుతో నిజంగా అంత తేడా వస్తుందా, లేక ఇది సప్లయర్ల ప్రచారమేనా?

లెక్కల పద్దు

ప్రచారమే. ఒక్కో బ్రాకెట్‌కి రెండు స్క్రూలు, ట్యూబు తగిలించడం, చెయిన్ సరిచూడటం. అలవాటైన చేతికి బ్లైండుకి పదిహేను నిమిషాలు. బ్లైండ్స్ చెడిపోయేది నాసి క్లచ్ (చెయిన్ లాగితే ట్యూబును తిప్పే పళ్ల చక్రం) వల్ల, సన్న ట్యూబు వల్ల, చవక గుడ్డ వల్ల. మిగిలిన డబ్బు వాటి మీద పెట్టండి. మంచి సరుకును మామూలు కార్పెంటర్ బిగించినా పనిచేస్తుంది. చెత్త సరుకును దేవుడొచ్చి బిగించినా పనిచెయ్యదు.

రసమట్టం

రెండో మాట నిజమే పద్దు గారూ. మొదటి మాటతోనే పేచీ. ఈ అంతస్తు కొలతల మీదే లెక్క చూద్దాం.

రోలర్‌లో గుడ్డ ఎప్పుడూ బ్రాకెట్ల మధ్య దూరం కన్నా తక్కువ వెడల్పే. క్లచ్ వైపు, పిన్ను వైపు (క్లచ్‌కి ఎదురు కొస) కలిపి, పక్కపక్క బ్లైండ్ల గుడ్డల మధ్య దాదాపు 40 మి.మీ. సందు మిగులుతుంది. ఆ సందు మల్లియన్ వెనక పడితే ఎవరికీ కనబడదు. మల్లియన్ ముఖం 60 మి.మీ. అనుకుంటే, 60లో 40 పోను మిగిలింది 20. అంటే అటు 10, ఇటు 10. బ్రాకెట్ అంతకు మించి పక్కకు జరిగిందంటే, సాయంత్రం నాలుగయ్యేసరికి సన్నటి ఎండ చార ఎవరో ఒకరి మానిటర్ మీద నిలబడుతుంది.

ఇక్కడే కార్పెంటర్ అలవాటు దెబ్బ కొడుతుంది. అతను మొదటి బ్రాకెట్ పెట్టి, దాన్నుంచి రెండోది, రెండోదాన్నుంచి మూడోది కొలుచుకుంటూ పోతాడు. ఒక్కో చోట 2 మి.మీ. తేడా ఒకే వైపు పడుతూ పోతే ఆరో బే కల్లా 12 అవుతుంది, 10 దాటిపోయినట్టే. బ్లైండ్స్ ఫిట్టరైతే ప్రతి మల్లియన్ నడిమి గీతను లేజర్‌తో పైకి ఎక్కించి, అక్కడినుంచి అటూ ఇటూ కొలుస్తాడు. అప్పుడు ఏ బేలో తప్పు ఆ బేలోనే ఆగిపోతుంది.

ఇక లెవెల్. 1500 వెడల్పులో ఒక బ్రాకెట్ 5 మి.మీ. కిందికి ఉందనుకోండి. గుడ్డ నిట్టనిలువుగా వేలాడుతుంది, ట్యూబేమో వాలుగా ఉంటుంది. 2.9 మీటర్లు చుట్టుకునేసరికి లెక్క ప్రకారం అంచు దాదాపు 10 మి.మీ. పక్కకు జరుగుతుంది. పిన్ను వైపు ఉండే ఖాళీయే 15 లోపు. ఆపైన గుడ్డ అంచు బ్రాకెట్‌కి రాసుకుని దారాలు లేస్తుంది. ఆర్నెల్లు పోయాక "గుడ్డ నాసిరకం" అని మీరే సప్లయర్ మీద కేకలేస్తారు.

లెక్కల పద్దు

లేజర్ లెవెల్ ఇవాళ ప్రతి సీలింగ్ టీమ్ దగ్గరా ఉంది. ఏ గీత నుంచి కొలవాలో ఒక పేజీలో రాసిస్తే కార్పెంటర్ చెయ్యలేడా? చుట్ట పక్కకు పోతుంటే ట్యూబుకి రెండో కొసన మాస్కింగ్ టేపు ముక్క వేస్తే సరిపోతుందని ఫిట్టర్లే చేస్తుంటారు కదా!

రసమట్టం

చేస్తారు. గుడ్డ ఎడమకు పోతుంటే కుడి కొసన టేపు వేస్తే ఆ కొస కాస్త లావై గుడ్డను తన వైపు లాక్కుంటుంది. కానీ అది గుడ్డ కోతలో ఒకటి రెండు మి.మీ. తేడా ఉంటే చేసే వైద్యం. బ్రాకెట్ వంకరగా ఉన్నప్పుడు టేపు వేయడమంటే కుంటి బల్ల కాలి కింద కాగితం మడిచి పెట్టడమే. బ్రాకెట్ కింద ప్యాకింగ్ ముక్క పెట్టి లెవెల్ చెయ్యాలి. టేపు చూశారంటే, ఆ బ్లైండుకి రసమట్టం పెట్టి చూడండి.

మియాపూర్ సీలింగ్

అన్నా, లెవెల్ సంగతి తర్వాత. స్క్రూ దేంట్ల దిగుతున్నదో ముందు చూడుండ్రి. పైన ఉన్నది 12.5 మి.మీ. జిప్సం బోర్డు. దాంట్ల స్క్రూ కొడితే పట్టేది పొడి. బ్లైండు బరువు ఎంతుంటది, మూడు నాలుగు కిలోలు, దానికి బోర్డు ఊకె ఊడదు. ఊడేది గుంజుడుకు. రోజూ పొద్దున మాపు చెయిన్ పట్టుకుని గుంజుతుంటే స్క్రూ చుట్టూ ఉన్న రంధ్రం పెద్దగైతది. గిట్టి (ప్లాస్టిక్ ప్లగ్గు) కొట్టినా ఆర్నెల్లే.

సీలింగ్ మూయకముందే గాజు వెంబడి 18 మి.మీ. ప్లై పట్టీ, 150 వెడల్పుది, పెట్టించుండ్రి. ప్లై బోర్డుకు కాదు, స్లాబుకు వేలాడాలె. ఆర్‌సీసీలో యాంకర్ ఫాస్టెనర్, కింద జీఐ (జింకు పూత ఇనుప) యాంగిల్, 600కు ఒకటి. బోర్డుకే అతికించిన ప్లై బోర్డుతోనే కిందికొస్తది. ఇది బ్లైండ్స్ ఫిట్టర్ పని కాదు, మా సీలింగోళ్ల పనే. మీ ఫోటోలో ప్లై లేనట్టే కొడుతున్నది, రేపే అడుగుండ్రి. బోర్డు మూసి పుట్టీ కొట్టినంక ఎవడు బిగించినా గాల్లోనే.

ఇంకోటి, పెల్మెట్ (బ్లైండు దాగే సీలింగ్ గాడి) వెడల్పు. 43 మి.మీ. ట్యూబు మీద 0.6 మందం గుడ్డ 2.9 మీటర్లు చుడితే చుట్ట 64 మి.మీ. దాకా వస్తది. మావోళ్లు అలవాటుగా 100 వదులుతరు. గాజుకు దూరం పోను అందుల చెయ్యి పట్టదు, రిపేరుకు సీలింగ్ కొయ్యాలె. 150 వదలమనుండ్రి.

కొలతబద్ద

మీరంతా బిగింపు రోజు గురించే మాట్లాడుతున్నారు. తప్పు అంతకు ముందే జరుగుతుంది. కొలత ఎవరు తీశారో వాళ్లే బిగించాలి, నేను పట్టుబట్టేది ఇదొక్కటే. సప్లయరు కొలిచి కార్పెంటర్ బిగిస్తే, 8 మి.మీ. తక్కువొచ్చిన బ్లైండు దగ్గర ఇద్దరూ ఒకరివైపు ఒకరు వేలు చూపిస్తారు, బ్లైండు మీ ఒళ్లో పడుతుంది.

కొలత కూడా డ్రాయింగ్ చూసి కాదు, సైట్లో, ఫ్లోరింగ్, సీలింగ్ పూర్తయ్యాక. వెడల్పు పైన, నడుమ, కింద మూడు చోట్ల తీసి చిన్నది రాసుకోవాలి. ప్రతి బేకీ నంబరు, ఆ నంబరు ట్యూబు మీద లేబుల్. లేబుల్స్ కలిసిపోతే 1462 వెడల్పుది 1458 చోట ఇరుక్కుంటుంది.

మీటింగ్ రూము బ్లాకౌట్ల దగ్గర మాత్రం పద్దు గారితో ఏకీభవిస్తాను, అది సరుకు సంగతే. మీటరుకి బరువు అలాగే ఉంటే, వెడల్పు రెట్టింపైతే ట్యూబు వంగడం 16 రెట్లవుతుంది. 1.4 మీటర్లకి సరిపోయిన 38 మి.మీ. ట్యూబు 2.8 మీటర్లకి నడుములో జారుతుంది, గుడ్డ మీద వి ఆకారంలో ముడతలొస్తాయి. ఆ ముడత ఏ ఫిట్టరూ తీయలేడు. అదే గోడమందంతో 50 మి.మీ. ట్యూబు తీసుకుంటే వంగడం సగాని కన్నా తక్కువకి వస్తుంది. ఇంకా, గుడ్డ చుట్ట వెడల్పు ఎంతో అడగండి. 2.5 మీటర్లదైతే 2.8 వెడల్పుకి గుడ్డను అడ్డంగా తిప్పాలి. మీ ఎత్తు 2.9 కాబట్టి అడ్డంగా ఒక అతుకు తప్పదు. ఆ అతుకు ఎక్కడ రావాలో ముందే రాయించుకోండి, లేకపోతే సరిగ్గా కంటి ఎత్తులో వస్తుంది.

గాజుగోడ

ఒక్క మాట అందరూ వదిలేశారు. సీలింగ్‌లో ప్లై లేదని తెలియగానే కార్పెంటర్ చెయ్యి వెళ్లేది అల్యూమినియం మల్లియన్ మీదికి. గట్టిగా ఉంటుంది, స్క్రూ సుఖంగా దిగుతుంది. దయచేసి దిగనివ్వకండి. ఆ ఫ్రేము లోపల వాన నీళ్లు బయటికి పోయే దారి ఉంటుంది. దానికి రంధ్రం పడితే నీళ్లు ఆఫీసులోకి వస్తాయి. స్క్రూ పొడవైతే దాని మొన గాజు అంచుకి తగులుతుంది. టఫెండ్ (వేడితో గట్టిపరిచిన) గాజు అంచు దెబ్బ ఓర్చుకోదు, పలక మొత్తం పగిలి రాలుతుంది. ఫసాడ్ (బయటి గాజు గోడ) కంపెనీ వారంటీ కాగితం తీసి చూడండి, అనుమతి లేకుండా డ్రిల్ చేస్తే ఏమవుతుందో అందులోనే ఉంటుంది.

గాజుకీ గుడ్డకీ మధ్య 50 మి.మీ. ఖాళీ ఉండాలి, పైనా కిందా గాలి ఆడాలి. పడమటి ఎండకి ఆ సందులో వేడి చిక్కుకుంటే గాజు నడుమ వేడెక్కి, ఫ్రేములో ఉన్న అంచు చల్లగా ఉండిపోతుంది. టఫెనింగ్ చెయ్యని గాజైతే అంచు నుంచి చీలుతుంది. అందరూ రాయి తగిలిందనుకుంటారు.

బీచ్‌రోడ్డు

విశాఖ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే: సముద్రం వైపు కిటికీలకి జింకు పూత స్క్రూలు వద్దు, స్టెయిన్‌లెస్ 316 వాడండి. బ్రాకెట్ బాగానే ఉండి స్క్రూ తల తుప్పుకి ఊడొస్తుంది. గచ్చిబౌలికి ఈ బాధ లేదు, పక్కన పెట్టండి.

తీగలబండి

మీటింగ్ రూము మోటర్లు 230 వోల్టుల మామూలు ట్యూబులర్ (ట్యూబు లోపల ఉండే) మోటర్లైతే, రెంటినీ ఒకే స్విచ్‌కి సమాంతరంగా కలపకూడదు. ఒకటి పైకి చేరి లిమిట్ స్విచ్ (కొసకు చేరాక మోటరును ఆపేది) తెగినా, రెండోదాని వైండింగ్ గుండా కరెంటు వెనక్కి వస్తుంది. ఒకటి కిందికీ పైకీ ఊగుతుంది, లేదా లిమిట్ స్విచ్ మాడుతుంది. మధ్యలో గ్రూప్ కంట్రోల్ రిలే (ఒక్కో మోటరుకి కరెంటు విడిగా పంపేది) పెట్టాలి. కార్పెంటర్‌తో వచ్చే ఎలక్ట్రీషియన్‌కి ఇది తెలియకపోవచ్చు, అతనికి ఇది రెండు ఫ్యాన్లు ఒక స్విచ్‌కి కలపడం లాంటిదే. పరీక్ష చేసేటప్పుడు గబగబా నాలుగైదు నిమిషాలు నడిపితే మోటరు వేడికి ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, చల్లారాక మళ్లీ నడుస్తుంది. తెలియక మార్చేసినవి చాలా ఉంటాయి.

లెక్కల పద్దు

సరే, మోటర్లు ఒప్పుకుంటున్నాను, అవి సప్లయర్‌కే ఇవ్వండి. ప్లై సీలింగ్ వాళ్ల పని, మల్లియన్ ముట్టుకోవద్దన్నది ఒక్క వాక్యం. అంటే మీరంతా చెప్పింది కలిపితే చెయిన్ రోలర్లకి కావలసింది మంచి డ్రాయింగూ పర్యవేక్షణా, ఖరీదైన ఫిట్టర్ కాదు. నా మాట అక్కడే ఉంది.

రసమట్టం

పర్యవేక్షణ ఎవరు చేస్తారండీ? ఫెసిలిటీ మేనేజర్‌కి 42 బేల దగ్గర నిచ్చెనెక్కే తీరిక ఉంటుందా? ఇంకో చిన్న సంగతి చూడండి. చెయిన్ కింది కొసకి టెన్షన్ క్లిప్ వస్తుంది, గోడకి స్క్రూ చెయ్యాలి. కార్పెంటర్ దాన్ని ప్యాకెట్లోనే వదిలేస్తాడు, అది లేకపోయినా బ్లైండు ఆ రోజుకి పనిచేస్తుంది గనక. క్లిప్ లేని చెయిన్‌ని కుర్చీలోంచే ఏటవాలుగా లాగుతారు. చెయిన్ క్లచ్ పళ్ల మీదికి ఎక్కి తెగుతుంది. మీరు "నాసి క్లచ్" అన్నది ఇదే పద్దు గారూ, దాంట్లో సగం నేరం ఆ క్లిప్పుది. పిల్లలు తిరిగే క్లినిక్‌లు, స్కూళ్లలోనైతే వేలాడే చెయిన్ మెడకి చుట్టుకుంటుంది కాబట్టి క్లిప్ లేకుండా అసలు అప్పగించకూడదు.

లెక్కల పద్దు

క్లిప్ సంగతి నేను అనుకోలేదు. నిజమే.

గాజుగోడ

ఫిల్మ్ గురించి ఎవరూ చెప్పలేదు. కేబిన్ గాజు మీద సిలికాన్ మరకలు బ్లేడుతో గీకించి, అంచుల్లో దుమ్ము తుడిపించాకే వెయ్యాలి. ఇసుక రేణువు ఒక్కటున్నా దాని చుట్టూ బుడగ. గోడల సాండింగ్ అయిపోయేదాకా ఆగండి. పట్టీగా వేసేటట్టైతే నేల నుంచి 750 దగ్గర మొదలెట్టి 1850 దాకా ఉంచండి. కూర్చున్నవాళ్ల ల్యాప్‌టాప్ తెరా, నడవాలో నడిచేవాళ్ల కళ్లూ రెండూ అందులోకి వస్తాయి.

ఐదో అంతస్తు

అందరికీ థ్యాంక్స్. సీలింగ్ పైన చూయించాను, మియాపూర్ గారన్నట్టే ప్లై లేదు. రేపటి నుంచి పెడతారు. మోటర్లు, కొలతలు సప్లయర్‌కే. చెయిన్ రోలర్లకి ఇద్దరి చేతా ఒక్కో బే బిగించి చూపించమని అడుగుదామనుకుంటున్నా. ఆ రెండు బేల్లో ఏం చూడాలి?

కొలతబద్ద

పక్కపక్క బేలే ఇవ్వండి, 20, 21. ఇద్దరి చేతిపనీ కలిసే సందు ఆ మల్లియన్ వెనకే పడుతుంది. కొలతలన్నీ సప్లయరే తీస్తున్నాడు కాబట్టి, కార్పెంటర్ బే తప్పితే ఆ తప్పు బిగింపుదే.

రసమట్టం

ఇరవైసార్లు పైకీ కిందికీ లాగించి, చుట్ట అంచు పక్కకు జరుగుతోందేమో పెన్సిల్ గుర్తు పెట్టి చూడండి. సగం దించి వదిలితే రెండు కింది పట్టీలూ ఒకే గీత మీద ఉండాలి. ఒకటి గాజు వైపునుంచీ ఇంకొకటి లోపలివైపునుంచీ దిగుతుంటే, చుట్టిన వైపు తిరగబడినట్టు. ఏసీ స్లాట్ గాజు వెంబడే ఉంటే ఏసీ వేసే చూడండి, పట్టీ ఊగి మల్లియన్‌కి టకటక కొడితే కింద వైరు గైడ్లు (పట్టీని ఊగకుండా పట్టే తీగలు) కావాలి. సాయంత్రం నాలుగున్నరకి లైట్లన్నీ ఆపించి లోపల నిలబడండి, చార కనిపిస్తే అప్పుడే కనిపిస్తుంది. తర్వాత చీకటి పడ్డాక లైట్లు వేయించి కింద రోడ్డు మీదికెళ్లి చూడండి. ఐదు శాతం గుడ్డలోంచి మనుషులు కనబడతారు. అది ఎవరు బిగించినా కనబడతారు, దానికి మమ్మల్ని తిట్టకండి.