పిల్లల అన్నవాహిక వాపు: ప్రతిసారీ మత్తిచ్చి ఎండోస్కోపీ చేయాల్సిందేనా?

అడిగే అమ్మ:
మా బాబుకు తొమ్మిదేళ్లు. ఇసినోఫిలిక్ ఈసోఫగైటిస్ అని తేలింది. తెలియనివారి కోసం రెండు మాటలు. అన్నవాహిక లోపలి పొరలో ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. చాలామందిలో ఆహారంలోని ఏదో ఒక ప్రోటీన్ శరీరానికి సరిపడకపోవడమే కారణం. మింగడం కష్టమవుతుంది, చిన్నపిల్లలకైతే వాంతులు, కడుపునొప్పి. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే అన్నవాహిక గట్టిపడి ఇరుకైపోతుంది.

పాలు, గోధుమ ఆపించారు. వాపు తగ్గింది. ఇప్పుడు ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడాలి, చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక పదార్థం మళ్లీ మొదలుపెట్టినా, మందు మార్చినా రెండు మూడు నెలల తర్వాత మత్తిచ్చి ఎండోస్కోపీ చేసి ముక్కలు తీయాలంటున్నారు. ఆరు పదార్థాలు ఆపిన పిల్లల సంగతి ఆలోచించండి. దారం మింగించి చేసే పరీక్ష ఉంది, ముక్కులోంచి సన్నని గొట్టం పంపి పిల్లవాడు మెలకువగా ఉండగానే చూసే పద్ధతీ ఉంది. అయినా ప్రతిసారీ మత్తు గదికి తీసుకువెళ్లడం అలవాటే తప్ప అవసరం కాదని నా వాదన. కాదనేవారు ఎందుకు కాదో చెప్పండి.

సూక్ష్మదర్శిని:
నేను పాథాలజిస్టును, ముక్క చూడనిదే నమ్మని జాతి. ఈ జబ్బును నిర్ధారించడానికే ఒక అంకె ఉంది. 400 రెట్లు పెద్దది చేసి చూసినప్పుడు కంటికి కనిపించే ఒక క్షేత్రంలో కనీసం 15 ఇసినోఫిల్స్ ఉండాలి. అవి అన్నవాహిక అంతటా సమానంగా పరుచుకుని ఉండవు. ఒకచోట గుంపుగా ఉంటాయి, కాస్త కిందికి వెళితే ఒక్కటీ కనిపించదు. అందుకే రెండు మూడు స్థాయుల నుంచి కనీసం ఆరు ముక్కలు తీయమంటారు.

పైగా లెక్కపెట్టడంతో నా పని అయిపోదు. అడుగు కణాల పొర ఎంత మందమైంది, కణాల మధ్య ఖాళీలు ఏర్పడ్డాయా, ముక్క లోతుగా వచ్చి ఉంటే కింది పొరలో మచ్చ కడుతోందా అన్నవీ చూస్తాను. దారం మీద అంటుకున్న ద్రవం ఈ సంగతులు చెప్పదు.

అనుమానం:
అమాయకపు ప్రశ్న అనుకోండి. పిల్లవాడు హాయిగా తింటున్నాడు, బరువు పెరుగుతున్నాడు, నొప్పి లేదంటున్నాడు. అప్పుడు ఏ పరీక్షా ఎందుకు?

పదహారేళ్లు:
దీనికి నేను జవాబు చెప్పగలను, జబ్బు నాదే కాబట్టి. నేను మాంసాన్ని గోరంత ముక్కలు చేసుకుంటాను. గట్టి రొట్టె జోలికి పోను. ముద్ద ముద్దకూ నీళ్లు తాగుతాను. అందరూ చేతులు కడుక్కున్నాక కూడా తింటూనే ఉంటాను. డాక్టరు "మింగడానికి ఇబ్బంది ఉందా" అంటే లేదంటాను. అబద్ధం కాదు, చిన్నప్పటి నుంచీ తినడమంటే నాకు తెలిసింది అదే. నాకు ఏ బాధా లేదన్న రోజుల్లో తీసిన ముక్కల్లోనూ ఇసినోఫిల్స్ నిండుగా కనిపించాయి.

జీర్ణవైద్యం:
ఈ జబ్బులో మమ్మల్ని ఎక్కువగా మోసం చేసేది సరిగ్గా ఇదే. లక్షణాలకూ లోపలి వాపుకూ పొంతన తక్కువ. పిల్లల కోసం, తల్లిదండ్రుల కోసం విడివిడిగా తయారుచేసిన ప్రశ్నావళులు ఉన్నాయి. బాధ ఎంతో కొలవడానికి అవి మంచివే, వాపు పోయిందని తేల్చడానికి చాలవు. రక్తంలో ఇసినోఫిల్స్ లెక్క కూడా అంతే. ఉబ్బసం, జలుబు అలర్జీ ఉన్న పిల్లల్లో అది వేరే కారణాలతో పెరుగుతుంది, ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి ఆ అలర్జీలూ ఉంటాయి. కాబట్టి అన్నవాహిక లోపలికి ఏదో ఒకటి వెళ్లక తప్పదు. ఏది వెళ్లాలన్నదే ప్రశ్న.

దారం పరీక్ష గురించి చెబుతాను. మాత్రలో చుట్టిన సుమారు 90 సెంటీమీటర్ల నైలాన్ దారం అది. ఒక కొనను బుగ్గకు అంటించి మాత్ర మింగిస్తారు. మాత్ర కడుపులోకి దిగుతుంటే దారం అన్నవాహిక పొడవునా పరుచుకుంటుంది. దాన్ని తీశాక, అన్నవాహికలో ఉన్న భాగానికి అంటిన ద్రవంలో ఇసినోఫిల్స్ విడుదల చేసే ఒక ప్రోటీన్‌నూ, వాటిని అక్కడికి పిలిచే ఈయోటాక్సిన్-3నూ కొలుస్తారు. 2013లో తొలి ఫలితాలు వచ్చినప్పుడు దారాన్ని రాత్రంతా ఉంచాల్సివచ్చేది. 2019లో 7 నుంచి 55 ఏళ్ల వారి మీద చేసిన అధ్యయనంలో ఒక గంట చాలని తేలింది. చురుగ్గా ఉన్న జబ్బునూ, సద్దుమణిగిన జబ్బునూ అది బాగానే విడదీసింది. బాగానే అన్నాను, తప్పే లేకుండా అనలేదు.

అడిగే అమ్మ:
సూక్ష్మదర్శిని గారూ, వాపు అక్కడక్కడా ఉంటుందని మీరే అన్నారు. పొలంలో ఆరు చోట్ల చిటికెడు మట్టి తీసి మొత్తం నేలకు సారం కట్టినట్టు కాదా మీ బయాప్సీ? దారం పైనుంచి కింది వరకూ తగులుతూ ఉంటుంది. మీ వాదనే నా వైపు పనిచేస్తోంది.

సూక్ష్మదర్శిని:
గట్టి దెబ్బే, ఒప్పుకోను గానీ ఆనందిస్తాను. మీరు చెప్పిన పొడవు నిజం. కానీ దారం ద్రవాన్ని తెస్తుంది, నేను కణజాలాన్ని చూస్తాను. పొర పైకి వచ్చి పగిలిన కణాల జాడ మీకు దొరుకుతుంది, లోపల నక్కినవాటి సంగతి దొరకదు. ఇంకొకటి. బాగున్నట్టు పరీక్ష పొరపాటుగా చెప్పిందనుకోండి, ఏడాదిపాటు పాలు తాగుతూ లోపల మచ్చ కట్టించుకుంటాడు పిల్లవాడు. అది ఎవరి ఖాతాలో?

మత్తు గది:
మత్తు డాక్టరుగా ఒక మాట. ఈ చర్చలో మత్తును భూతంలా చూపడం నాకు నచ్చలేదు. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2016 డిసెంబరులో ఇచ్చిన హెచ్చరికను అందరూ పట్టుకుంటారు. అది మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలు మించి, లేదా పలుమార్లు ఇచ్చే మత్తు మెదడు ఎదుగుదల మీద ప్రభావం చూపవచ్చన్న దాని గురించి. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పెద్ద పరీక్షలో, పసివయసులో ఒక్కసారి గంట లోపు మత్తు తీసుకున్న పిల్లలకూ, వెన్నులో సూదితో తిమ్మిరి మాత్రమే ఇచ్చిన పిల్లలకూ ఐదేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనబడలేదు. అన్నవాహిక ఎండోస్కోపీ నిమిషాల పని. తొమ్మిదేళ్లవాడి మెదడు గురించి నాకు దిగులు లేదు.

అడిగే అమ్మ:
"పలుమార్లు" అన్న మాట మీరు చెప్పిన హెచ్చరికలోనే ఉంది. లాన్సెట్ పరీక్షేమో ఒక్కసారి గురించి. మా ప్రశ్న పలుమార్ల గురించే. మెదడు సంగతి పక్కన పెట్టినా బడి మానడం, ఇద్దరిలో ఒకరు పని మానుకోవడం, సూది చూడగానే వణకడం ఇవన్నీ మీ లెక్కలో ఎక్కడా లేవు.

అనుమానం:
నాకు ఇంకో విడ్డూరం కనిపిస్తోంది. మత్తు గురించి అసలు భయం మూడేళ్ల లోపు పిల్లలకైతే, వాళ్లు మాత్ర మింగలేరు, ముక్కులో గొట్టం పెడితే కూర్చోరు. అంటే కొత్త పరీక్షలు ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే అందవు.

జీర్ణవైద్యం:
నిజమే. దారానికి ఏడేళ్లు, ముక్కు గొట్టానికి కాస్త ఓపిక పట్టే వయసు కావాలి. స్పాంజి పరీక్ష కూడా ఉంది. మాత్ర కడుపులో కరిగి చిన్న స్పాంజి విచ్చుకుంటుంది, దారంతో పైకి లాగితే దారిలో కణాలను గీరుకొస్తుంది. బారెట్ అన్నవాహిక అనే వేరే జబ్బు కోసం కేంబ్రిడ్జిలో పుట్టిన ఈ సైటోస్పాంజ్‌ను ఈ జబ్బులో ప్రధానంగా పెద్దవాళ్లలోనే పరీక్షించారు. పిల్లల చర్చలో దానికి ఇప్పుడే పెద్దపీట వేయలేం.

ముక్కు గుండా చేసే ఎండోస్కోపీ మాత్రం వేరు. అందులో నిజమైన ముక్కలే వస్తాయి. 2016లో కొలరాడో పిల్లల ఆసుపత్రి బృందం 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మత్తు లేకుండా, ముక్కుకు తిమ్మిరి మందు మాత్రమే ఇచ్చి, కళ్లకు వీడియో అద్దాలు పెట్టి ఇది చేసి చూపింది. ముక్కలు చిన్నవే అయినా చదవడానికి సరిపోయాయి. సూక్ష్మదర్శిని గారికి దీని మీద అభ్యంతరం ఉండకూడదు.

సూక్ష్మదర్శిని:
లేదు. ముక్క వస్తే ఏ దారిలో వచ్చిందో నాకు అనవసరం. చిన్న ముక్కలో లోతు పొర దొరకడం కష్టం, అంతే.

పదహారేళ్లు:
నాకు ముక్కు గుండా చేశారు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. మందు చేదు గొంతులోకి జారుతుంది, గొట్టం మలుపు తిరిగేచోట కళ్లలో నీళ్లు వస్తాయి. తర్వాత సినిమా చూస్తూ కూర్చున్నాను, అదే రోజు క్లాసుకు వెళ్లాను. మత్తుకంటే నాకు ఇదే మేలు. కానీ మా వార్డులో ఒక అబ్బాయి సగంలోనే వద్దన్నాడు. తనకు నిద్రపోయి లేవడమే ఇష్టమట. "నొప్పి తక్కువ" అని పెద్దలు నిర్ణయించేస్తారు, మెలకువగా ఉండాల్సింది మాత్రం మేము. అమ్మ గారూ, మీ బాబును అడిగారా?

అడిగే అమ్మ:
అడగలేదు. అడుగుతాను.

జీర్ణవైద్యం:
ఈ తగాదాలో ఒక సంగతి తప్పిపోతోంది. పరీక్షను సులువు చేయడం ఒక దారి, పరీక్షల అవసరాన్నే తగ్గించడం ఇంకో దారి. ఆరు పదార్థాలూ ఒకేసారి ఆపితే, తిరిగి పెట్టేటప్పుడు ఒక్కొక్కదానికీ ఒక పరీక్ష. మొదట పాలు మాత్రమే ఆపి చూస్తే? 2023లో పెద్దవాళ్ల మీద వచ్చిన ఒక పరీక్షలో ఆరు ఆపినవారిలో 40 శాతానికి, పాలు మాత్రమే ఆపినవారిలో 34 శాతానికి వాపు సద్దుమణిగింది. ఆ తేడా గణాంకాల లెక్కకు నిలవలేదు. పిల్లల్లోనూ పాలే మొదటి నేరస్థుడని అనుభవం. మందుతోనే అదుపులో ఉంచుదామనుకుంటే మింగే స్టెరాయిడ్లు ఉన్నాయి. డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు ఎఫ్‌డీఏ 2022లో 12 ఏళ్లు దాటినవారికి, 2024లో ఏడాది దాటి కనీసం 15 కిలోల బరువున్న పిల్లలకూ అనుమతి ఇచ్చింది. ఆ దారిలో ఆహారం కోసం వరస ఎండోస్కోపీలు ఉండవు. వేరే ఖర్చులు, సూదులు ఉంటాయి.

నా పద్ధతి అడిగితే, మొదటి నిర్ధారణకు ఎండోస్కోపీయే. ముద్ద ఇరుక్కుపోతోందంటే, ఇరుకు ఏర్పడిందన్న అనుమానం ఉంటే మళ్లీ ఎండోస్కోపీయే. దారం ఇరుకును చూడలేదు, వెడల్పు చేయలేదు. వీటి మధ్యలో "పాలు తిరిగి పెట్టాం, వాపు వచ్చిందా లేదా" అన్న ప్రశ్నకు దారమో, ముక్కు గొట్టమో చాలు. దొరికితే. దారంలోని ప్రోటీన్లు కొలిచే ల్యాబులు చాలా తక్కువ, అన్నిటికంటే పెద్ద అడ్డంకి అదే.

సూక్ష్మదర్శిని:
మధ్యలో వచ్చిన దారం ఫలితానికీ పిల్లవాడి పరిస్థితికీ పొంతన కుదరకపోతే ముక్క తీయాలి. ఆ షరతు రాసిపెట్టుకుంటే నాకు పేచీ లేదు. రాయకపోతే ఉంది.

అడిగే అమ్మ:
రాసుకున్నాను. అయినా నా మొదటి మాట వెనక్కి తీసుకోవడం లేదు. మాకు మత్తు లేని ఈ దారి ఉందని ఎవరూ చెప్పలేదు, నేనే వెతుక్కున్నాను. వచ్చే ఎండోస్కోపీ రోజునే దారం పరీక్ష కూడా చేయమని అడగబోతున్నాను. రెండూ ఒకే మాట చెబితే, ఆ తర్వాతిసారి దారం ఒక్కదానితో సరిపెట్టమని పట్టుబట్టడానికి నా చేతిలో ఆధారం ఉంటుంది.

మత్తు గది:
అలా అయితే దారం ముందు, ఎండోస్కోపీ తర్వాత. ముక్కలు తీశాక దారం వేస్తే గాయాల రక్తం ద్రవంలో కలిసిపోతుంది, లెక్క చెడుతుంది. మాత్ర మింగడానికి తాగే నీళ్ల సంగతి మీ మత్తు డాక్టరుకు ముందు రోజే చెప్పండి. ఖాళీ కడుపు నియమం వల్ల ఆ ఉదయం తలుపు దగ్గర వాదించుకోవాల్సి రాకూడదు.