ఆగస్టులో లేక్ డిస్ట్రిక్ట్: కారు లేకుండా, పెద్దవారితోను ఆరేళ్ల పాపతోను నాలుగు రోజులు ఎలా గడపాలి?

ప్రశ్న (బర్మింగ్‌హామ్ నుంచి ఒక సభ్యురాలు):
గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మానాన్నలను, మా ఆరేళ్ల పాపను తీసుకొని బడి సెలవుల్లో నాలుగు రోజులు ఇంగ్లండ్ వాయవ్యాన సరస్సులు, కొండలు ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లాలని మా వారు, నేను అనుకుంటున్నాము. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చదునైన దారి అయితే మైలున్నర దాకా నెమ్మదిగా నడవగలరు. మాకు కారు లేదు, పైగా అందరం శాకాహారులం. కొండలెక్కేవారికి తప్ప అక్కడ పని లేదని కొందరు అంటున్నారు. ఇంత దూరం వెళ్లి కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవలసి వస్తుందేమోనని సందేహంగా ఉంది.

సమాధానం (చర్చా బృందంలో పాత సభ్యుడు):
అమ్మా, కొండలెక్కకపోయినా అక్కడ నాలుగు రోజులు హాయిగా గడిచిపోతాయి. అయితే రోజుకొక ఊరు మారకుండా, అక్కడి కెజిక్ పట్టణంలో మకాం పెట్టండి. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి పెన్రిత్‌కు నేరుగా వెళ్లే రైళ్లు ఉన్నాయి. పెన్రిత్ స్టేషన్ బయటే కెజిక్ బస్సు దొరుకుతుంది. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు తీసుకుంటే నలుగురు పెద్దల టికెట్లలో మూడో వంతు, పాప టికెట్‌లో అరవై శాతం తగ్గుతుంది. పాప వెంట ఉంటేనే ఆ తగ్గింపు వర్తిస్తుంది కనుక మీ కుటుంబానికి అది అతికినట్టు సరిపోతుంది.

కెజిక్‌ను ఆనుకొనే డెర్వెంట్‌వాటర్ సరస్సు ఉంది. దాని చుట్టూ తిరిగే లాంచీ ఏడు రేవుల్లో ఆగుతుంది, మొత్తం చుట్టు రావడానికి సుమారు యాభై నిమిషాలు పడుతుంది. రోజంతా చెల్లే టికెట్ తీసుకుంటే నచ్చిన రేవులో దిగి, తరువాతి లాంచీలో ఎక్కవచ్చు. అమ్మగారు పడవలో కూర్చొనే కొండలన్నీ చూడవచ్చు. మీరూ మీ వారూ పాపతో హై బ్రాండెల్‌హౌలో దిగి, చెట్ల నీడన ఒడ్డు వెంబడి నడిచి లో బ్రాండెల్‌హౌలో మళ్లీ లాంచీ అందుకోవచ్చు. అందమైన స్థలాలను, పాత కట్టడాలను ప్రజల కోసం కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ లేక్ డిస్ట్రిక్ట్‌లో మొట్టమొదట కొన్న భూమి ఆ బ్రాండెల్‌హౌ వనమే; అది 1902 నాటి మాట. ఆ సంస్థ లేకపోతే ఇటువంటి ఒడ్లలో చాలా భాగం ఎవరి తోటలుగానో మారి, బయటివారికి అందకుండా పోయేవని నా అభిప్రాయం.

మరో రోజు పాత రైలు మార్గం మీద నడవండి. కెజిక్ నుంచి త్రెల్‌కెల్డ్ దాకా మూడు మైళ్ల దారి దాదాపు చదునుగా, గ్రెటా నదిని వంతెనల మీద అటూ ఇటూ దాటుతూ సాగుతుంది. 2015 డిసెంబరు వరదల్లో కొట్టుకుపోయిన వంతెనలను మళ్లీ కట్టి, 2020 చివర తెరిచారు. అమ్మగారు ఓపిక ఉన్నంత దూరం నడిచి వెనక్కి రావచ్చు. వాన పట్టుకుంటే ఊళ్లోనే పెన్సిల్ మ్యూజియం ఉంది. పక్కనున్న బారోడేల్ లోయలో దొరికిన గ్రాఫైట్ వల్లనే ఇక్కడ పెన్సిళ్ల పరిశ్రమ పుట్టింది.

సమాధానం (మాంచెస్టర్ నుంచి మరొక సభ్యురాలు):
మొదటిసారి వెళ్లేవారు విండర్‌మియర్ చూడకుండా రావడం నాకు సమ్మతం కాదు. ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద సరస్సు అదే కదా! కెజిక్ నుంచి 555 నంబరు బస్సు గ్రాస్‌మియర్, ఆంబుల్‌సైడ్ మీదుగా అక్కడికి వెళుతుంది. డబుల్ డెక్కర్ వస్తే పై అంతస్తులో ముందు సీటు పట్టుకోండి, ఆ ప్రయాణమే ఒక విహారం. ఇక భోజనం సంగతి. పల్లెటూరి పబ్బుల్లో చాలా చోట్ల మధ్యాహ్నం రెండు, రెండున్నరకు వంటగది మూసి, మళ్లీ సాయంత్రం ఆరుకు గాని తెరవరు. మనవాళ్ల అలవాటు ప్రకారం మూడు గంటలకు వెళితే చిప్స్ ప్యాకెట్లే గతి. పిల్లలతో వెళ్లినా పబ్బులో భోజనానికి అభ్యంతరం ఉండదు. కాల్చిన బంగాళాదుంప, కూరగాయల సూప్ దాదాపు ఎక్కడైనా దొరుకుతాయి. ఆవకాయ సీసా మాత్రం మరువకండి.

ప్రశ్న (మొదటి సభ్యురాలు):
ఇద్దరికీ కృతజ్ఞతలు. పటంలో చూస్తే కొన్ని కాలిబాటలు గొర్రెలున్న పొలాల మధ్యగా పోతున్నాయి. పరాయివారి పొలంలో నడిస్తే రైతు కోప్పడరా? నాన్నగారు అదే అడుగుతున్నారు.

సమాధానం (పాత సభ్యుడు):
నాన్నగారి సందేహం సమంజసమైనదే. భూమి రైతుదే అయినా, పబ్లిక్ ఫుట్‌పాత్‌గా నమోదైన బాట మీద నడిచే హక్కు చట్టరీత్యా అందరికీ ఉంటుంది. ఆ బాటకు అడ్డంగా కంచె వేసి మూసే అధికారం రైతుకు లేదు. బాట వదిలి పక్కకు పోయే అధికారం మనకూ లేదు. గుంజల మీద పసుపు రంగు బాణం కనిపిస్తే అది పాదచారుల దారి, నీలం రంగయితే గుర్రాలకు, సైకిళ్లకు కూడా అనుమతి ఉన్న దారి. మూసి ఉన్న గేటును దాటాక మూయాలి, తెరిచి ఉంచినదాన్ని అలాగే వదలాలి, ఎందుకంటే గొర్రెలు నీటికి వెళ్లే దారి కోసం రైతు కొన్నిటిని కావాలనే తెరిచి ఉంచుతాడు. దూడలతో ఉన్న ఆవుల మంద ఎదురైతే మధ్యలోంచి వెళ్లక దూరంగా చుట్టి రండి.

కొన్ని చోట్ల గేటుకు బదులు రాతి గోడలోంచే పలకలు మెట్లలా పొడుచుకొని ఉంటాయి, వాటి మీద ఎక్కి అవతలికి దిగాలి. చీరతో, నొప్పి మోకాళ్లతో అది కష్టం. అందుచేత అమ్మగారు వచ్చే రోజున డెర్వెంట్‌వాటర్ ఒడ్డుననే ఉన్న ఫ్రయర్స్ క్రాగ్ అనే రాతి కొమ్ము దాకా వెళ్లండి. లాంచీ రేవు నుంచి కొద్ది నిమిషాల చదును దారి అది.

బస మాత్రం ఆలస్యం చేయకుండా ఈ వారమే చూసుకోండి. ఆగస్టులో కాటేజీలను చాలామంది వారం లెక్కన తప్ప ఇవ్వరు. నాలుగు రాత్రులకు బీ అండ్ బీ (గదితో పాటు ఉదయం ఫలహారం ఇచ్చే బస) గాని, యూత్ హాస్టల్ గాని మేలు. పేరులో యూత్ అని ఉన్నా ఆ హాస్టళ్లలో చాలావాటిలో కుటుంబ గదులు, అందరూ వాడుకునే వంటగది ఉంటాయి. అన్నం, పప్పు వండుకోవచ్చు. లాంచీ ఎక్కిన ప్రతిసారీ సాయంత్రం చివరిది ఎన్ని గంటలకో రేవులో పలక మీద చూసి గాని దిగకండి.