అద్దె కోసం ఇచ్చే డబ్బుని ఇంటి లోన్‌కి లెక్కేయరా? ఇదేం న్యాయం?

కిలీన్_కుర్రాడు:
అమెరికా ఆర్మీలో నాలుగేళ్ళు చేసి బయటికొచ్చాను. ఇప్పుడు టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో జీఐ బిల్ మీద, అంటే మాజీ సైనికుల చదువుకి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం కింద, డిగ్రీ చదువుతున్నా. ఫీజు ప్రభుత్వమే కడుతుంది, పైగా కాలేజీ ఉన్న జిప్ కోడ్‌ని బట్టి నెలనెలా హౌసింగ్ అలవెన్స్ వస్తుంది. ఇప్పుడున్న అపార్ట్‌మెంట్‌కి ఆ డబ్బుతోనే అద్దె కడుతున్నా, ఒక్కసారి కూడా లేట్ ఫీజు పడలేదు. అదే డబ్బుతో మార్ట్‌గేజ్ కట్టుకుంటా, వీఏ (మాజీ సైనికుల శాఖ) హామీతో వచ్చే ఇంటి లోన్ ఇవ్వండి అంటే బ్యాంకు లోన్ ఆఫీసర్ ఆ అలవెన్స్‌కి ఆదాయం గడిలో సున్నా వేసి ఇచ్చాడు. సర్వీసు వల్ల వచ్చిన 30 శాతం డిజబిలిటీకి పరిహారంగా నెలనెలా వచ్చేది మాత్రం లెక్కేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు ఉంది. ఇది రూలా, ఆ బ్యాంకు సొంత పైత్యమా?

ఫ్రిస్కో_బాబాయ్:
ఇక్కడ అడ్డం పడింది పూజారి కాదు తమ్ముడూ, దేవుడే. లెండర్ల కోసం వీఏ రాసిన హ్యాండ్‌బుక్‌లోనే ఉంది: చదువు అలవెన్సులు తాత్కాలిక ఆదాయం, నిరుద్యోగ భృతిలాగే వాటినీ లెక్కలోకి తీసుకోవద్దని. వీఏ లోన్ ఇవ్వదు, హామీ మాత్రమే ఉంటుంది కదా, ఆ హామీ కావాలంటే బ్యాంకు ఆ రూలు పాటించాల్సిందే. నన్నడిగితే రూలు సరైనదే. నీకు మొత్తం వచ్చేది 36 నెలలు, అందులో కొన్ని ఇప్పటికే వాడేశావు, లోనేమో 30 ఏళ్ళు. వేసవిలో క్లాసులు తీసుకోకపోతే ఆ నెలల్లో ఒక్క డాలర్ రాదు. సెమిస్టర్‌కి సెమిస్టర్‌కి మధ్య గ్యాప్‌లోనూ అంతే. పూర్తిగా ఆన్‌లైన్‌కి మారావా, దేశం మొత్తం సగటులో సగమే ఇస్తారు. మార్ట్‌గేజ్‌కి క్రిస్మస్ సెలవులుండవు. పైగా టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదని మురిసిపోతాం గానీ ఆ లోటంతా ఇంటి పన్నులో గుంజుతారు.

మావ్నీ_అక్క:
బాబాయ్ గారూ, ఒక్క మాట. పౌరసత్వం లేనివాళ్ళని అమెరికా సైన్యంలోకి తీసుకున్న మావ్నీ పథకం మూతపడకముందే అందులో చేరి యూనిఫాం వేసుకున్నదాన్ని కాబట్టి అడుగుతున్నా. మీ వీధిలో హెచ్-1 మీద ఇళ్ళు కొన్నవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళ వీసా మూడేళ్ళు, ఈ అబ్బాయి అలవెన్సూ మూడేళ్ళే. వాళ్ళ ఉద్యోగం సోమవారం పొద్దున ఒక్క మెయిల్‌తో పోతుంది, ఇతనికి ఇచ్చేది ప్రభుత్వం. ఎవరిది తాత్కాలికం? కనీసం రెండేళ్ళ అలవెన్స్ మిగిలి ఉంటే అందులో కొంతైనా లెక్కేయాలి.

ఫ్రిస్కో_బాబాయ్:
అమ్మా, హెచ్-1 వాడికి ఉద్యోగం పోతే అదే పనికి ఇంకో కంపెనీ తీసుకుంటుందని బ్యాంకు నమ్మకం. వీసా పొడిగించుకునే దారీ ఉంటుంది. అలవెన్స్ అయిపోతే అయిపోయినట్టే.

మావ్నీ_అక్క:
అయిపోయేసరికి అతని చేతిలో డిగ్రీ ఉంటుంది కదండీ! ఆ మాట ఎవరూ అనరే.

కిలీన్_కుర్రాడు:
అక్కా, నా మనసులో మాట చెప్పావు. సరే, మా నాన్న కో-సైన్ చేస్తానంటున్నారు. అలా కుదురుతుందా?

ఫ్రిస్కో_బాబాయ్:
భార్య అయితే ఇబ్బంది లేదు, ఆమె ఆదాయం కలుపుకోవచ్చు. నాన్న వెటరన్ (మాజీ సైనికుడు) కాదు కాబట్టి వీఏ హామీ నీ వాటా వరకే, మిగతా వాటా మీద బ్యాంకు డౌన్ పేమెంట్ అడుగుతుంది, చాలా బ్యాంకులు అసలు ఒప్పుకోవు. ఆయన గిఫ్ట్‌గా డబ్బిస్తే లోన్ తగ్గుతుంది గానీ నీ ఆదాయం పెరగదు. ఒక మంచి విషయం: డిజబిలిటీ పరిహారం వస్తోంది కాబట్టి వీఏ లోన్‌కి ఒకసారి కట్టే ఫండింగ్ ఫీజు నీకు ఉండదు. లేకపోతే మొదటిసారి డౌన్ పేమెంట్ లేకుండా తీసుకుంటే 2.15 శాతం, అంటే 3 లక్షల డాలర్ల ఇంటి మీద 6,450.

ఇక లెక్కకొద్దాం. ఒంటరివాడికి 30 శాతం మీద వచ్చేది 2025 రేటులో 537 డాలర్లు. పన్ను లేని డబ్బు కాబట్టి 25 శాతం కలిపి 670 దాకా చూపించవచ్చు, అదీ అప్పు-ఆదాయం నిష్పత్తికి మాత్రమే. అన్నీ పోను చేతిలో ఎంత మిగులుతుందని చూసేటప్పుడు అసలు 537నే చూస్తారు. మన వైపు ఒక్కడికి నెలకి 441 డాలర్లు మిగలాలి. ఇంకేం ఇల్లు కొంటావు?

ప్లేనో_పద్మ:
స్టూడెంట్ లోన్ ఉంటే అది కూడా చూసుకో. క్లోజింగ్ (ఇంటి లోన్ సంతకాలు) తర్వాత కనీసం 12 నెలలు డిఫర్‌మెంట్‌లో, అంటే వాయిదా కట్టక్కర్లేకుండా, ఉందని కాగితం చూపిస్తే లెక్కలోకి రాదు, లేదంటే బాకీలో 5 శాతాన్ని పన్నెండుతో భాగించి నెల ఖర్చు కింద వేస్తారు. 24 వేలుంటే నెలకి వంద. మా తమ్ముడికి అక్కడే తేడా కొట్టింది.

కిలీన్_కుర్రాడు:
లోన్లు లేవక్కా. శని ఆదివారాలు వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నా, దానికి రెండేళ్ళ హిస్టరీ కావాలన్నాడు. అదయ్యేసరికి చదువే అయిపోతుంది.

ఫ్రిస్కో_బాబాయ్:
అయిపోనీ. ఉద్యోగం ఆఫర్ లెటర్ పట్టుకుని రా. వీఏ లోన్‌కి ఎక్స్‌పైరీ డేట్ లేదు.

మావ్నీ_అక్క:
ఇళ్ళ ధరలకి కూడా లేదు బాబాయ్ గారూ, అందుకే కదా మా తొందర. తమ్ముడూ, నువ్వు ఆగు, తప్పదు. కానీ ఆ రూలు సరైనదంటే మాత్రం నేనొప్పుకోను.