లక్సర్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం, 2027 ఆగస్టు 2: పనులు పంచుకుందాం

సమన్వయం, ఎంవీపీ కాలనీ:
అందరికీ నమస్కారం. ఆగస్టు 2, సోమవారం నాటి గ్రహణాన్ని మన విశాఖ సంఘం ఈజిప్టులోని లక్సర్‌లో చూడాలని కార్యవర్గం తీర్మానించింది. ఇంత దూరం ఎందుకని ఇంట్లో అడిగితే చెప్పడానికి కొన్ని మాటలు. ఆ రోజు చంద్రుడి నీడ దక్షిణ స్పెయిన్, ఉత్తర ఆఫ్రికాల మీదుగా వచ్చి, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్ దాటి సోమాలియా వైపు సాగుతుంది. లక్సర్ దగ్గర సూర్యుడు ఆరు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగున ఉంటాడు. ఇంతకంటే దీర్ఘమైన సంపూర్ణ గ్రహణం మళ్లీ 2114లోనే. పైగా ఆగస్టులో అక్కడ మబ్బు పట్టడమే అరుదు. 2009 జులై నాటి సంపూర్ణ గ్రహణానికి పట్నా దగ్గరి తరేగ్నాకు ఎందరో ఆశగా వెళ్లారు, చివరికి వాళ్లకు మబ్బులే కనిపించాయి. అందుకే మనం ఆకాశాన్ని చూసి ఊరిని ఎంచుకున్నాం.

ముందుగా నా ఒకే ఒక్క విన్నపం. ఆ ఆరు నిమిషాలూ మనలో ఎవరికీ ఏ పనీ ఉండకూడదు. నీళ్లు అందించడం, ఫొటోలు తీయడం, తలలు లెక్కపెట్టడం, ఏదీ వద్దు. సేవ చేసేవారు కూడా చూడటానికే వస్తున్నారు. కింద మనం పంచుకునే ప్రతి పనీ గ్రహణం సంపూర్ణం కాకముందే పూర్తయ్యేలా ఆలోచించండి.

గాజువాక నుంచి:
ప్రయాణం, బస నేను చూస్తాను. విశాఖ నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి హైదరాబాద్ లేదా ముంబయి మీదుగా కైరో, అక్కడి నుంచి రాత్రి రైల్లోనో మరో విమానంలోనో లక్సర్. జులై 31 నాటికి అందరం అక్కడ ఉండాలి. ముందు రోజు చేరే టికెట్టు ఎంత చవగ్గా దొరికినా నేను ఒప్పుకోను, ఒక్క విమానం ఆలస్యమైతే అంతా పోతుంది. గదులు ఖరారయ్యాయని నేను రాసేదాకా దయచేసి ఎవరూ టికెట్లు కొనకండి. పాస్‌పోర్టు గడువు ప్రయాణం తర్వాత కనీసం ఆరు నెలలు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. వీసా నియమాలు మారుతూ ఉంటాయి, రాయబార కార్యాలయం వారు చెప్పిందే నమ్మండి.

సీతమ్మధార నుంచి:
1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణపు నీడ తెలంగాణ మీదుగా పూరీ, కోణార్క్ వైపు సాగింది. హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు కళ్లారా చూశారు. మా ఇంట్లో మాత్రం తలుపులు, కిటికీలు మూసి మమ్మల్ని కూర్చోబెట్టారు. ఈసారి నేను చూసి తీరాలి. డెబ్బై దాటినవాళ్లం ఆ ఎండలో ఎక్కడ కూర్చోవాలి? 2034లో మన దేశంలోనే కనిపిస్తుందట కదా, అప్పటిదాకా ఆగవచ్చునని మా అబ్బాయి అంటున్నాడు.

సమన్వయం, ఎంవీపీ కాలనీ:
2034 మార్చి 20 నాటి నీడ కశ్మీరు, లద్దాఖ్ కొండల మీద పడుతుంది. మార్చిలో అక్కడి చలి, మబ్బులు, దారులు తలచుకుంటే పెద్దవాళ్లను అప్పటిదాకా ఆగమనడం నాకు న్యాయంగా తోచదు. మీరు రండి బాబాయి గారూ.

కూర్చోవడం సంగతికి వస్తే, ఆ సమయంలో సూర్యుడు దాదాపు నడినెత్తిన, 82 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కుర్చీలో మెడ పైకెత్తి ఆరు నిమిషాలు చూడటం ఎవరివల్లా కాదు. వెల్లకిలా పడుకోవాలి. చాపలు, తలకింద పెట్టుకోవడానికి చిన్న దిండ్లు, మోకాళ్ల నొప్పులున్నవారికి వాలుకుర్చీలు కావాలి. చెట్ల నీడ ఉన్న హోటలు తోటలోనే ఉందాం, సంపూర్ణానికి కాస్త ముందు పక్కనే ఉన్న పచ్చికలోకి వస్తే చాలు. లక్సర్‌లోని పురాతన కర్ణాక్ ఆలయ ప్రాంగణంలో చూడాలని కొందరికి ఉంది, ఆ కోరిక నాకూ ఉంది. కానీ ఆ రోజు జనం, ట్రాఫిక్ తలచుకుంటే వద్దనే అంటాను. ఆలయం ముందు రోజు తెల్లవారుజామున చూద్దాం.

మద్దిలపాలెం నుంచి (ఆరోగ్యం నాది):
ఆగస్టులో అక్కడ పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. మన ఉక్కపోతలో చెమట కారుతుంటే దాహం గుర్తుంటుంది. అక్కడి పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీరు మాత్రం తగ్గిపోతుంది. గొడుగు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, రోజూ వేసుకునే మందులు చేతిసంచిలో ఉండాలి. గ్రహణం కళ్లజోళ్లు ఐఎస్‌ఓ 12312-2 (సూర్యుణ్ణి నేరుగా చూసే కళ్లజోళ్లకు అంతర్జాతీయ ప్రమాణం) ఉన్నవే తెప్పిస్తాను, ఒక్కొక్కదాన్నీ నేనే పరీక్షించి ఇస్తాను. ఎక్స్-రే ఫిల్ములు, మామూలు చలువ కళ్లజోళ్లు ఎవరి దగ్గరా కనిపించకూడదు. ఇందులో నేను మొహమాటపడను.

ఇంకొక మాట. అది ఆషాఢ అమావాస్య, చుక్కల అమావాస్య. పట్టింపు ఉన్నవారు గ్రహణం విడిచేదాకా తినరు. అక్కడి సమయం ప్రకారం ఉదయం పదకొండున్నర దాటాక పట్టడం మొదలై, ఒంటిగంట దాటగానే సంపూర్ణమై, రెండున్నర ప్రాంతంలో విడుస్తుంది. మధుమేహం ఉన్నవారు ఖాళీ కడుపుతో ఉండవద్దు. మిగతావారి ఆచారాన్ని ఎవరూ ప్రశ్నించవద్దు. పది గంటలకే భోజనం పెట్టించి, విడుపు స్నానాల తర్వాత మళ్లీ వేడిగా వడ్డించగలరేమో హోటలు వారిని అడగాలి.

అక్కయ్యపాలెం నుంచి:
పిల్లల బాధ్యత నాకు ఇవ్వండి. పచ్చికమీద తెల్ల దుప్పటి పరిస్తే సంపూర్ణానికి ముందు పాకే నీడల చారలు కనబడవచ్చు. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే నెలవంకల్లాంటి వెలుగు మచ్చలనూ చూపిస్తాను. ఒక సందేహం: ఎవరికీ పని ఉండకూడదన్నారు, మరి కళ్లజోళ్లు ఎప్పుడు తీయాలో, ఎప్పుడు పెట్టుకోవాలో పిల్లలకు ఎవరు చెబుతారు?

సమన్వయం, ఎంవీపీ కాలనీ:
చాలా ముఖ్యమైన ప్రశ్న. ముందే తెలుగులో రికార్డు చేసిన గొంతు స్పీకరులో వినిపిద్దాం. చివరి వెలుగు చుక్క ఉంగరంలో వజ్రంలా మెరిసి ఆరిపోయాక 'తీయండి', తిరిగి వెలుగు రావడానికి పది సెకన్ల ముందు 'పెట్టుకోండి'. మధ్యలో ఒక్కసారి మాత్రం 'సూర్యుడి పక్కన శుక్రుణ్ణి వెతకండి'. ఇంకేమీ మాట్లాడకూడదు. ఆ గొంతు మీదే అయితే పిల్లలు వింటారు. మనం ఉండే తోట స్థానాన్ని బట్టి సెకన్లు నేను లెక్కకట్టి ఇస్తాను.

ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి ఆర్కే బీచ్‌లో కలుద్దాం. చాపలు తెచ్చుకోండి. ఆరు నిమిషాలు పడుకుని చూస్తే ఎవరికి వాలుకుర్చీ కావాలో అక్కడే తేలిపోతుంది. వంటల విషయం ఇంకా ఎవరూ తీసుకోలేదు, పెందుర్తివారు ఎవరైనా ముందుకు వస్తారా?