పంది మీద లాప్ క్లోమం సర్జరీ నేర్చుకుంటే మనుషులకి పనికొస్తుందా?

సర్జరీ పీజీ:
వచ్చే నెల పందుల మీద లాప్రోస్కోపిక్ డిస్టల్ ప్యాంక్రియాటెక్టమీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో క్లోమం ఎడమవైపు ముక్క తీసే సర్జరీ) వర్క్‌షాప్ ఉంది, మా సార్ వెళ్లమంటున్నారు. బాక్స్ ట్రైనర్ (ప్రాక్టీస్ పెట్టె) మీద కుట్లు వేశా గానీ ప్రాణమున్న దాని మీద ఎప్పుడూ చెయ్యలేదు. పంది క్లోమం మనదిలాగే ఉంటుందా? అక్కడ బాగా వస్తే మనుషులకీ చెయ్యొచ్చనుకోవచ్చా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

వెట్ సర్జన్:
అచ్చం మనదిలా ఉండదు. పంది క్లోమం పల్చగా, చిన్న చిన్న తమ్మెలుగా పరుచుకుని, పోర్టల్ వెయిన్ (కాలేయానికి రక్తం తీసుకెళ్లే సిర) చుట్టూ ఉంగరంలా తిరిగి ఉంటుంది. పైత్యరసం గొట్టం, క్లోమం గొట్టం పేగులోకి వేర్వేరు చోట్ల తెరుచుకుంటాయి. అందుకే ఎడమవైపు ముక్క తీయడం నేర్చుకోవడానికి బాగుంటుంది గానీ విపుల్‌కి (క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం తీసే పెద్ద సర్జరీ) అంతగా సరిపోదు. గ్రాస్పర్‌తో (పట్టుకునే పరికరం) గ్రంథిని నేరుగా పట్టుకుంటే చిరిగిపోతుంది, పక్కనున్న పొర పట్టుకుని లాగండి.

జీఐ సర్జన్:
వెళ్లు తమ్ముడూ, కానీ ఏం నేర్చుకోవడానికి వెళ్తున్నావో తెలిసి వెళ్లు. స్ప్లీనిక్ వెయిన్ (ప్లీహం నుంచి వచ్చే సిర) చిన్న కొమ్మ తెగితే స్క్రీన్ అంతా ఎర్రగా అయిపోతుంది చూడు, అప్పుడు కంగారుపడకుండా గాజ్ పెట్టి నొక్కి ఆగడం ఏ బాక్స్ ట్రైనరూ నేర్పదు. స్టేప్లర్ (పిన్నులతో మూసి కోసే పరికరం) కూడా అంతే, దవడలు మూసి కాసేపు ఆగి మెల్లగా ఫైర్ చెయ్యాలి, తొందరపడితే గ్రంథి నలిగిపోతుంది. అయితే మన అసలు శత్రువు లీకు, అంటే కోసిన చోట క్లోమరసం కారడం. వర్క్‌షాప్‌లో పందికి మత్తులోనే ప్రాణం తీసేస్తారు, ఇక మూడో రోజు డ్రెయిన్ గొట్టంలో అమైలేజ్ (క్లోమం ఎంజైమ్) ఎంతుందో ఎవరు చూస్తారు? పైగా అది ఆరోగ్యంగా ఉన్న పంది, దానికి రక్తనాళానికి అతుక్కున్న గడ్డా లేదు, పాత వాపూ లేదు.

నెదర్లాండ్స్‌లో లాప్ విపుల్‌నీ, పొట్ట కోసి చేసే ఓపెన్ విపుల్‌నీ పోల్చిన లెపర్డ్-2 ట్రయల్ గుర్తుందా? అందులో చేసినవాళ్లందరూ శిక్షణ పొందినవాళ్లే. అయినా 90 రోజుల్లో కాంప్లికేషన్లతో లాప్ విపుల్ గ్రూపులో 50 మందిలో 5గురు, ఓపెన్‌లో 49 మందిలో ఒకరు పోయారు, తేడా గణాంకపరంగా తేలకపోయినా ట్రయల్ మధ్యలో ఆపేశారు. అందుకని పంది మీద బాగా వచ్చిందని మనిషి దగ్గర ధీమా వద్దు, సీనియర్ పక్కన చాలా కేసులు చూడాలి, చెయ్యి కలపాలి.

వెట్ సర్జన్:
ఒక మాట మరిచా. సీసీఎస్‌ఈఏ (జంతువుల మీద ప్రయోగాలని పర్యవేక్షించే కేంద్ర కమిటీ) రిజిస్ట్రేషన్, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నాయో లేదో ముందే అడగండి. మత్తు ఎవరిస్తున్నారో కూడా, పంది మత్తు తెలిసినవాళ్లు లేకపోతే సగం రోజు దానికే పోతుంది.

సర్జరీ పీజీ:
థాంక్స్ సార్. అయితే వెయిన్ దగ్గరే ఎక్కువ టైమ్ ఇమ్మని అడుగుతా. ఒక టేబుల్‌కి ఎంతమందో కూడా కనుక్కుంటా, ఆరుగురైతే మాత్రం కెమెరా పట్టుకోవడమే మిగులుతుంది.