అప్‌డేట్: వానల లెక్కలో మూడు లూపులు పోయి ఒక్కటి మిగిలింది

వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గ్రిడ్ డేటాలో (దేశాన్ని చిన్న గడులుగా విడగొట్టి ఒక్కో గడికి రోజువారీ వాన ఇచ్చేది) ఒక్కో గడికి భారీ వర్షం, అంటే 64.5 మి.మీ. ఆపైన, పడ్డ రోజులు లెక్కపెట్టే నా పైథాన్ కోడ్ నత్తనడక నడుస్తోంది, వేగం ఎలా పెంచాలని ఇంతకుముందు ఇక్కడ హన్మకొండ నుంచి అడిగింది నేనే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మి.మీ. కురిసినప్పటి నుంచి మా దిక్కు వానల మీద పడ్డా.

రోజు, అక్షాంశం, రేఖాంశం అని రాసుకున్న మూడు ఫర్ లూపులూ (ఒక్కో విలువకూ అదే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి) తీసేశా. మీరు చెప్పినట్టే నంపై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ, కోడ్‌లో ఎన్‌పీ) అర్రే, అంటే అంకెల పట్టిక, మొత్తాన్ని ఒకేసారి 64.5తో పోల్చి, యాక్సిస్=0 మీద, అంటే రోజుల వెంట, సమ్ కొట్టా. చాయ్ తెచ్చుకుందామని లేచేలోపే అయిపోయింది! ఎన్‌పీ.వెక్టరైజ్ వాడమన్నవాళ్లకు ఒక మాట: అది పేరుకే, లోపల తిరిగేది మామూలు లూపే.

సగటు దగ్గర మాత్రం జాగ్రత్త. డేటా లేని గడుల్లో -999 ఉంటుంది. రోజుల లెక్కకు అడ్డు రాదు గానీ సగటును ముంచేస్తుంది. వాటిని నాన్ (విలువ లేదని చెప్పే గుర్తు) చేసి, అవి వదిలేసి సగటు తీసే నాన్‌మీన్ వాడా.

ముసురు వరుసగా ఎన్ని రోజులు పట్టిందో తేల్చే వేరే లెక్కకు మాత్రం రోజుల మీద ఒక్క లూప్ ఉంచేశా. ప్రతి రోజుకూ గ్రిడ్ మొత్తం మీద ఒకేసారి 'వరుస = (వరుస + 1) * తడి' (వాన పడితే తడి 1, లేకుంటే 0), ఆ తర్వాత ఎన్‌పీ.మాగ్జిమమ్‌తో పెద్దది దాచుకోవడం, అంతే. ఏడాదికి 365 చుట్లే కదా, దాన్నీ పీకేయాలని కుస్తీ పట్టడం దండగ.