జాతీయ రహదారి 65 మీద, ఆంధ్రలో ఒకటి తెలంగాణలో ఒకటి: చార్జింగ్ స్టేషన్‌కి పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ ఎలా?

అడిగినవారు: పటమట సభ్యులు

నమస్కారమండీ. నందిగామ దాటాక హైవేని ఆనుకుని మాకు 30 సెంట్ల స్థలం ఉంది. సరిహద్దు దాటితే కోదాడ దగ్గర మా బావమరిది స్థలం ఉంది. రెండు చోట్లా రెండేసి 60 కిలోవాట్ల డ్యూయల్ గన్ (ఒక్కోదానికి రెండు చార్జింగ్ గన్నులుండే) చార్జర్లు పెట్టి, ఒకే యాప్ మీద నడపాలని అనుకుంటున్నాం. విద్యుత్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో మొత్తం ఖర్చుకి 80 శాతం వస్తుందని ఒక ఏజెంటు చెబుతున్నాడు. రిజిస్ట్రేషన్ అని ముందే డబ్బు అడుగుతున్నాడు. నేరుగా అప్లై చేసుకునే దారి ఉందా? రెండు రాష్ట్రాలకీ కలిపి ఒకటే ఫైలు పెట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

సూర్యారావుపేట సభ్యులు

ముందు ఆ డబ్బు కట్టడం ఆపండి. ఈ పథకంలో స్థలం ఉన్న వ్యక్తి నేరుగా దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటు లేదు. పీఎం ఈ-డ్రైవ్ మొత్తం 10,900 కోట్లు. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అందులో చార్జింగ్ స్టేషన్లకి 2,000 కోట్లు పెట్టారు. భారీ పరిశ్రమల శాఖ నడిపిస్తుంది, చార్జింగ్ భాగానికి అమలు సంస్థ బీహెచ్‌ఈఎల్. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, రాష్ట్రాల నోడల్ ఏజెన్సీలు (ఈ పనికి రాష్ట్రం నియమించిన సంస్థలు) ఎక్కడెక్కడ స్టేషన్లు కావాలో పోగుచేసి ప్రతిపాదన పంపుతాయి. మంజూరయ్యాక టెండరు పిలిచి ఆపరేటర్‌ని ఎంచుకుంటాయి. మీరు లోపలికి రావాలంటే ఆ టెండర్లో ఆపరేటర్‌గా రావాలి, లేదా ఆపరేటర్‌కి స్థలం లీజుకి ఇవ్వాలి.

ఇక 80 శాతం మాట. అది నిజమే, కానీ దేనికి 80 అన్నదే అసలు లెక్క. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణలో పెట్టి, అక్కడికి ఎవరైనా వచ్చి చార్జ్ చేసుకునేలా తెరిచి ఉంచితే లైను ఖర్చుకీ (చార్జర్ దాకా కరెంటు తెచ్చే ఖర్చు) చార్జర్‌కీ నూరు శాతం ఇస్తారు. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, చమురు కంపెనీల బంకులు, టోల్ ప్లాజాల్లాంటి ప్రభుత్వ అధీనంలోని చోట్ల లైను ఖర్చుకి 80, చార్జర్‌కి 70. షాపింగ్ మాల్స్, వీధులు, హైవే పక్క స్థలాలు మూడో రకం. వీటికి లైను ఖర్చులో 80 శాతం ఒక్కటే, చార్జర్‌కి పైసా రాదు. మీది ఈ మూడోదే.

లైను ఖర్చంటే ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ ఎల్‌టీ కేబుళ్లు, డిస్ట్రిబ్యూషన్ బాక్సులు, బ్రేకర్లు, రక్షణ పరికరాలు, ఫెన్సింగు, సివిల్ పని. దీనికీ బెంచ్‌మార్క్ ధర (పథకం ముందే కట్టిన ప్రామాణిక ధర) ఉంటుంది, సబ్సిడీ దాన్ని మించి లెక్కగట్టరు. ఉదాహరణకి మీకు నిజంగా 15 లక్షలైంది, బెంచ్‌మార్క్ 12 లక్షలు అనుకోండి. వచ్చేది 9.6 లక్షలు. మిగతా 5.4 లక్షలూ, చార్జర్ల పూర్తి ధరా మీదే. అంకెలు లెక్క కోసం వేసినవే, పద్ధతి మాత్రం ఇది. పైగా డబ్బు రెండు విడతల్లో, పని మైలురాళ్లు దాటాకే వస్తుంది కాబట్టి మొదట పెట్టుబడి అంతా మీ చేతిలోంచే కదలాలి. బ్యాంకు దగ్గర సబ్సిడీని మీ వాటా సొమ్ముగా చూపిస్తే ఫైలు అక్కడే ఆగుతుంది.

రెండు రాష్ట్రాలకి ఒకటే ఫైలు కుదరదు. ఈవీ చార్జింగ్‌కి ఇక్కడ ఆంధ్రలో నోడల్ ఏజెన్సీ నెడ్‌క్యాప్, అక్కడ తెలంగాణలో టీజీ రెడ్కో, రెండూ పునరుత్పాదక ఇంధన సంస్థలే. ఎవరి ప్రతిపాదన వారిదే, టెండరు షరతులు కూడా వేరువేరుగా ఉండొచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రాష్ట్రానికొకటి తీసుకోవాలి. చార్జర్ కొంటే 5 శాతం, కేబుళ్లకీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ 18, మీరు వాహనదారుకి వేసేది 18. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తర్వాత తగ్గించుకోవడం) కావాలంటే ఏ రాష్ట్రం స్టేషన్‌లో వాడే సామానుకి ఆ రాష్ట్రం నంబరు మీదే బిల్లు ఉండాలి. రెండు స్టేషన్ల సామానూ ఒకే ఇన్వాయిస్ మీద విజయవాడ నంబరుతో తెప్పిస్తే కోదాడ స్టేషన్‌కి క్రెడిట్ చిక్కుపడుతుంది.

ఒక సలహా. చార్జర్ ధరలో కూడా సాయం కావాలనుకుంటే సొంత స్థలం పట్టుకుని కూర్చోకుండా, జగ్గయ్యపేట బస్టాండు లాంటి రెండో రకం చోటికి టెండరు వచ్చినప్పుడు ఆపరేటర్‌గా వెయ్యండి.

పటమట సభ్యులు

చాలా స్పష్టంగా చెప్పారండీ, ధన్యవాదాలు. టెండరు వచ్చేదాకా ఆగకుండా ట్రాన్స్‌ఫార్మర్ పని మొదలుపెడితే తర్వాత చూపించుకోవచ్చా? లైసెన్సు ఏమైనా కావాలా? కరెంటు వైపు ఎంత లోడు అడగాలి?

సూర్యారావుపేట సభ్యులు

వద్దండీ. మంజూరు ఉత్తర్వు తేదీకి ముందు బిల్లు ఉంటే దాన్ని పథకం లెక్కలో చూపించడం చాలా కష్టం. ఈలోపు డబ్బు ఖర్చు కాని పనులు చేసుకోండి. కోదాడ స్థలం లీజు పత్రం రాయించుకోండి, ఏడాది దాటిన లీజు రిజిస్టర్ అయి తీరాలి. హైవే నుంచి దారికి ఎన్‌హెచ్‌ఏఐ అనుమతి కావాలి. దానికి టైం పడుతుంది, ముందే పెట్టండి. స్టేషన్ నడపడానికి కరెంటు లైసెన్సు అక్కర్లేదు. లోడు సంగతి గుంటూరు బ్రాడీపేట మిత్రులు చెబితే బాగుంటుంది.

బ్రాడీపేట సభ్యులు (ఎలక్ట్రికల్ పనులు)

రెండు చార్జర్లూ పూర్తిగా నడిస్తే బయటికిచ్చేది 120 కిలోవాట్లు. సామర్థ్యం 95 శాతం అనుకుంటే లైను నుంచి లాగేది 126. లైట్లు, సీసీ కెమెరాలు, చిన్న గది కలిపి 131 దాకా. పవర్ ఫ్యాక్టర్ 0.99 వేసుకుంటే 132 కేవీఏ. 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందని చాలామంది కొటేషన్ ఇస్తారు. మే నెలలో నందిగామ ఎండకి 83 శాతం లోడు గంటల తరబడి నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. 200 కేవీఏ పెట్టించండి. మూడో చార్జర్ ఆలోచన ఉంటే దాన్ని ఇప్పుడే చెప్పండి, తర్వాత మార్చాలంటే ఎస్టిమేట్ మళ్లీ మొదటికొస్తుంది.

ఒక్కో చార్జర్ 415 వోల్టుల మీద దాదాపు 89 ఆంపియర్లు లాగుతుంది. 125 ఆంపియర్ల ఎంసీసీబీ (పెద్ద బ్రేకరు) వెయ్యండి. కేబులు 3.5 కోర్ 70 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఆర్మర్డ్. 50 కూడా కాగితం మీద సరిపోతుంది కానీ ఒకే ట్రెంచిలో రెండు కేబుళ్లు పక్కపక్కన వేసినప్పుడు, నేల వేడికి దాని మోసే శక్తి తగ్గుతుంది. డ్యూయల్ గన్ గురించి ఒక మాట. రెండు కార్లు పెడితే చార్జర్ ఆ 60నే పంచుతుంది. కస్టమర్‌కి బోర్డు మీద ఇది రాసి పెట్టండి, గొడవలు సగం తగ్గుతాయి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి మీ వైపు కరెంటు తెచ్చే లైను. మీ స్థలం ముందు నుంచి వెళ్లే 11 కేవీ లైను వ్యవసాయ ఫీడరైతే దాని మీద త్రీఫేజ్ రోజుకి 9 గంటలే ఉంటుంది. స్తంభం చూస్తే తెలియదు. కరెంటు సెక్షన్ ఆఫీసుకి వెళ్లి ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరు) ఫీడరు పేరు, రకం అడిగి రాయించుకోండి. వేరే ఫీడరు నుంచి లైను లాగాల్సి వస్తే ఆ ఖర్చు బెంచ్‌మార్క్‌ని దాటేస్తుంది. రెండోది వోల్టేజి. లైను చివర్లో ఉంటే సాయంత్రం వోల్టేజి దిగి చార్జర్ అండర్ వోల్టేజ్ అని ట్రిప్ అవుతుంది. ఒక వారం వోల్టేజి నమోదు చేసే లాగర్ పెట్టి చూసి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఏ స్థానంలో ఉంచాలో దాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు. డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) ఇటు ఏపీసీపీడీసీఎల్, అటు టీజీఎస్‌పీడీసీఎల్. ఫారాలు, డిపాజిట్ లెక్క వేరు. 11 కేవీ మీద తీసుకుంటే డీపీ స్ట్రక్చర్ (రెండు స్తంభాల కట్టడం), సీటీ-పీటీ మీటరింగ్ సెట్ (11 కేవీ మీద యూనిట్లు కొలిచేది) ఉండాలి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కూడా రానిదే లైనుకి కరెంటు ఇవ్వరు.

చార్జింగ్‌కి విడి మీటరు ఉండాలి. టీ కొట్టు, గది ఏసీ అదే మీటరు మీద పెడితే కేటగిరీ మార్చి, పాత నెలలకి కూడా తేడా కట్టమని బ్యాక్‌బిల్లింగ్ వేస్తారు.

ఎర్తింగ్ తక్కువ అంచనా వెయ్యకండి. జగ్గయ్యపేట వైపు కింద సున్నపురాయి ఉంటుంది, మామూలు గుంట ఎర్త్‌కి రెసిస్టెన్స్ దిగదు. బోరు వేసి లోతుకి ఎలక్ట్రోడ్ దింపాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి 3 దాటితే కొన్ని చార్జర్లు మొదలే కావు, కంపెనీ వాళ్లు కార్డు మారుస్తూ కూర్చుంటారు. నల్లరేగడి నేలైతే ఎండాకాలం పగుళ్లిచ్చి, వానాకాలం ఉబ్బుతుంది కాబట్టి ఫౌండేషన్ కింద ఇసుక, గ్రావెల్ పరుపు తప్పదు. మునేరు సంగతి మీకు తెలిసిందే, 2023 జూలైలో ఐతవరం దగ్గర హైవే మీదకే నీళ్లొచ్చి రాకపోకలు ఆగాయి. స్థలం ఆ వైపు పల్లంలో ఉంటే వరద మట్టం ఊళ్లో అడిగి, చార్జర్ దిమ్మె దానికి పైన కట్టండి. కేబుల్ ఎంట్రీ కింద నుంచి ఉంటుంది, గ్లాండ్ వదులుగా ఉంటే నీళ్లు అక్కడే దూరతాయి.

పటమట సభ్యులు

ఫీడరు సంగతి అసలు ఆలోచించలేదండీ, రేపే వెళ్లి అడుగుతాను. యాప్, సర్వర్ విషయం చార్జర్ కంపెనీ చూసుకుంటానంటోంది. వదిలెయ్యొచ్చా?

ఆటోనగర్ సభ్యులు (చార్జింగ్ సాఫ్ట్‌వేర్)

వదలకండి అన్నా. ఈ పథకంలో స్టేషన్లన్నీ జాతీయ స్థాయి ఏకీకృత హబ్‌కి కలవాలి. మీ చార్జర్ ఖాళీగా ఉందా, పనిచేస్తోందా, ధర ఎంత అన్నది అక్కడికి చేరాలి. స్తంభాలు పాతి, దిమ్మెలు కట్టి, ఈ లింకు దగ్గర నెలలు పోగొట్టుకోవడం అనవసరం.

కొనుగోలు ఆర్డర్లోనే నాలుగు మాటలు రాయించండి: చార్జర్ ఓసీపీపీ (చార్జర్, సర్వర్ మాట్లాడుకునే ప్రామాణిక భాష) 1.6 జేసన్‌కి గానీ 2.0.1కి గానీ పనిచేయాలి, సర్వర్ అడ్రసు మార్చుకునే అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతికివ్వాలి, ఫర్మ్‌వేర్ (చార్జర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇన్నేళ్లు ఉచితం, లావాదేవీల డేటా మీది. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటే రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారాలన్నా కుదరదు. వేరే కంపెనీల యాప్‌ల కస్టమర్లు కూడా మీ దగ్గర చార్జ్ చేసుకోవాలంటే సర్వర్ వైపు ఓసీపీఐ (ఒక కంపెనీ సర్వర్ ఇంకో కంపెనీ సర్వర్‌తో మాట్లాడే ప్రామాణిక భాష) ఉండాలి. సర్వర్ రెండు రాష్ట్రాలకీ ఒకటే చాలు. స్టేషన్ వారీగా ధర, జీఎస్టీ నంబరు, ఇన్వాయిస్ సిరీస్ విడివిడిగా పెట్టగలగాలి, అంతే.

సిమ్ రెండు కంపెనీలవి ఉన్న రూటర్ పెట్టండి. ఇక్కడ ఎక్కువగా వచ్చే తంటా ఏంటంటే, మొబైల్ నెట్‌వర్కు కాసేపు డేటా కదలని కనెక్షన్‌ని చెప్పకుండా తెంపేస్తుంది. చార్జర్ మాత్రం తను ఆన్‌లైన్లోనే ఉన్నాననుకుంటుంది. కస్టమర్ యాప్‌లో స్టార్ట్ నొక్కితే ఏమీ జరగదు. వెబ్‌సాకెట్ పింగ్ ఇంటర్వెల్‌ని (కనెక్షన్ బతికుందా అని చార్జర్ తట్టి చూసే వ్యవధి) 30 నుంచి 60 సెకన్ల మధ్య పెడితే ఇది పోతుంది. హార్ట్‌బీట్ (నేనున్నానని చార్జర్ సర్వర్‌కి పంపే సందేశం) ఒక్కటే 15 నిమిషాలకి పెట్టి ఊరుకుంటే పోదు.

రెండో తంటా డబ్బుది. నెట్ లేనప్పుడు ముగిసిన చార్జింగ్ వివరాన్ని చార్జర్ దాచుకుని తర్వాత పంపాలి. ట్రాన్సాక్షన్ మెసేజ్ అటెంప్ట్స్ అనే సెట్టింగు 3 అని ఉంటే, మూడుసార్లు పంపినా సర్వర్ తీసుకోకపోతే ఆ రికార్డు వదిలేస్తుంది. కరెంటు కారులోకి వెళ్లిపోయింది, బిల్లు మాత్రం లేదు. దాన్ని పెంచి, ప్రయత్నాల మధ్య వ్యవధి కూడా పెంచండి.

మూడోది గడియారం. కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం చార్జింగ్ స్టేషన్లకి ఇచ్చే కరెంటు ధర, వేళల తేడా లెక్కలోకి రాకముందు, 2028 మార్చి 31 దాకా సగటు సరఫరా ఖర్చుని (యూనిట్ అందించడానికి డిస్కంకి సగటున అయ్యేది) మించకూడదు, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా అందులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు. మీకు పడే అసలు రేటు ఆయా రాష్ట్రాల నియంత్రణ మండలి టారిఫ్ ఆర్డర్లో చూసుకోవాలి, రెండూ ఒకటి కావు. ఇప్పుడు, ఓసీపీపీలో టైం యూటీసీలో (మన టైం కన్నా ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైం) నడుస్తుంది. మన 9 గంటలు అక్కడ 03:30, మన 4 గంటలు 10:30. ఈ మార్పు చేయకుండా సర్వర్లో 9, 16 అని కొడితే చవక ధర మధ్యాహ్నం రెండున్నరకి మొదలై రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగుతుంది. సాయంత్రం ఖరీదైన కరెంటుని చవగ్గా అమ్ముతారు. నెల బిల్లు వచ్చేదాకా ఎవరికీ కనపడదు.

ధర పెట్టేటప్పుడు ఇంకోటి. చార్జర్ కొలిచేది కారులోకి వెళ్లిన డీసీ యూనిట్లు, డిస్కం కొలిచేది ఏసీ యూనిట్లు. నూరు అమ్మితే 105, 106కి బిల్లు వస్తుంది.

పటమట సభ్యులు

ఇన్‌స్టలేషన్ అయ్యాక ఇవన్నీ సరిగ్గా పెట్టారో లేదో నేనెలా చూసుకోవాలి?

ఆటోనగర్ సభ్యులు

చివరి బిల్లు ఇవ్వకముందు చార్జర్ కంపెనీ మనిషిని అక్కడే ఉంచి చేయించండి. కారు పెట్టి చార్జింగ్ మొదలుపెట్టాక రూటర్ ప్లగ్ తీసెయ్యండి. కారు చార్జ్ అవుతూనే ఉండాలి. పావుగంటయ్యాక గన్ తీసి, ఇంకో అరగంట ఆగి రూటర్ పెట్టండి. ఆ లావాదేవీ సరైన యూనిట్లతో, సరైన టైంతో సర్వర్లో పడాలి. తర్వాత మళ్లీ చార్జింగ్ పెట్టి మెయిన్ ఎంసీసీబీ దించండి, గన్ లాక్ విడిపోవాలి. విడిపోకపోతే కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరి కారు అక్కడ ఇరుక్కుంటుంది. ఎమర్జెన్సీ బటన్ నొక్కి, విడిచాక చార్జర్ తనంతట తాను ఆన్‌లైన్లోకి వస్తోందా చూడండి. ఉదయం 9కి ఐదు నిమిషాల ముందు ఒక చార్జింగ్ మొదలుపెట్టి, 9 దాటాక ఆపి, బిల్లులో రెండు ధరలూ విడివిడిగా వచ్చాయో లేదో చూడండి. కోదాడలోనూ ఇదే విడిగా చేయించండి, అక్కడి సిమ్ సిగ్నలు వేరు, ధర వేరు.

బ్రాడీపేట సభ్యులు

ఆ రోజే రెండు చార్జర్లూ పూర్తి లోడు మీద గంటసేపు నడిపించి, ఎంసీసీబీ టెర్మినళ్ల మీద థర్మల్ కెమెరా పెట్టించండి. అల్యూమినియం కేబులుకి లగ్గు సరిగ్గా క్రింప్ కాకపోతే వేడి అక్కడే కనపడుతుంది. నెల తర్వాత కరెంటు ఆపి బోల్టులు ఇంకోసారి టార్క్ రెంచితో బిగించాలి, దీన్ని ఏఎంసీలో (ఏడాది నిర్వహణ ఒప్పందం) రాయించుకోండి.